విజయనగరం లోక్‌సభ స్థానం - ఓటరు నడచిన దారి

ఎన్నికలు జరిగినప్పుడెల్లా ఎవరు గెలిచినారు, ఎవరు ఓడినారు అను చర్చ మన వీధులలోను, టీ దుకాణాలలోను, తరగతి గదుల ముంగిట కూడ వినవస్తూనే ఉంటుంది. కాని ఒక నియోజకవర్గం అరువది, డెబ్బది సంవత్సరాలలో ఏ విధంగా ఆలోచిస్తూ వచ్చినది, ఎవరిని ఎందుకు ఎన్నుకున్నది అను విషయాన్ని నిదానంగా పరిశీలించువారు తక్కువ. రాజనీతిశాస్త్రం చదువుకొను విద్యార్థులే గాక ఓటు హక్కు కలిగిన ప్రతి యువకుడు, ప్రతి యువతి తెలుసుకొనదగిన విషయమిది. కావున మనము నివసించు విజయనగరం లోక్‌సభ స్థానపు చరిత్రను, ఇక్కడి ఓటర్ల పోకడను సంగ్రహంగా వివరింప దలచినాము.

పూర్వరంగం

మన ప్రాంతం ఒకప్పుడు శ్రీకాకుళం సర్కారులో భాగం. గోల్కొండ సుల్తానుల కాలంలోను, తరువాత నిజాముల కాలంలోను ఫౌజుదారులు శ్రీకాకుళం నుండి పరిపాలన సాగించినారు. నేటికిని మన నోట మెదలు జిల్లా, జమీందారు, తహశీల్దారు, హక్కు, రద్దు మొదలైన మాటలు ఆనాటి పాలన మనకిచ్చిన మిగులు ఆస్తి. ఈ మాటలను ఉర్దూ విద్యార్థులు, తెలుగు విద్యార్థులు సమానంగా తమవని చెప్పుకొనవచ్చును.

ఆంగ్లేయుల కాలంలో విజయనగరం, బొబ్బిలి సంస్థానాలు ఈ సీమలో ముఖ్యమైనవి. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం, 1794 జూలై 10న జరిగిన పద్మనాభ యుద్ధం అందరికీ తెలిసినవే. 1802 శాశ్వత పైసలా తరువాత జమీందారీ విధానం స్థిరపడినది. రైతు శిస్తు చెల్లించువాడు మాత్రమే గాని పాలనలో మాట చెల్లువాడు కాడు.

ఐననూ జమీందారుల ప్రాబల్యం ఉన్నంత మాత్రాన ఓటరు కన్నులు మూసుకొని ఓటు వేసినాడని తలచుట పొరపాటు. 1937లో జరిగిన ఎన్నికలే ఇందుకు తార్కాణం. అప్పటికి బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు గారు జస్టిస్ పార్టీ నాయకులు, మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి. అట్టివారు తమ సొంత బొబ్బిలిలోనే, కార్మిక నాయకులు వి. వి. గిరి గారి చేతిలో ఓటమి పాలైనారు. ఆనాడు ఓటు హక్కు ఆస్తి, చదువు ఉన్న కొద్దిమందికే పరిమితం. ఆ కొద్దిమందే ఇట్టి తీర్పు ఇచ్చినారనుట గమనింపదగినది. గిరి గారు తరువాతి కాలంలో భారత రాష్ట్రపతి ఐనారు.

స్వాతంత్ర్యానంతరం తొలి ఎన్నికలు

1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు అంతరించినవి. వయోజనులందరికీ ఓటు హక్కు లభించిన తరువాత 1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగినవి. విశాఖపట్నం అప్పుడు ద్విసభ్య నియోజకవర్గం. అక్కడి నుండి డాక్టర్ లంకా సుందరం గారు, అల్లూరి సీతారామరాజు అనుచరులలో ఒకరైన గాం మల్లుదొర గారు స్వతంత్రులుగా గెలుపొందినారు. దేశమంతట కాంగ్రెసు విజయ ఢంకా మోగించిన ఆ రోజులలో ఉత్తరాంధ్ర వేరొక మాట చెప్పినది.

1957లో విశాఖపట్నం నుండి సోషలిస్టు అభ్యర్థిగా పూసపాటి విజయరామ గజపతిరాజు గారు గెలిచినారు. సంస్థానాధీశుల వంశంలో పుట్టి సోషలిస్టు జెండా పట్టిన వ్యక్తి ఆయన. 1958లో మాన్సాస్ ట్రస్టును నెలకొల్పి విద్యావ్యాప్తికి తోడ్పడినారు. 1962లో అదే విశాఖపట్నం స్థానం నుండి ఆయన పినతండ్రి, 1936లో భారత క్రికెట్ జట్టుకు ఇంగ్లండులో నాయకత్వం వహించిన విజయానంద గజపతి గారు కాంగ్రెసు పక్షాన ఎన్నికైనారు. ఐదేండ్లలో ఒకే కుటుంబం, రెండు పార్టీలు. ఇది మన ప్రాంత రాజకీయాలలో తరువాత తరచుగా కానవచ్చిన లక్షణం.

బొబ్బిలి పేరుతో నలువది సంవత్సరాలు

1967లో బొబ్బిలి లోక్‌సభ నియోజకవర్గం ఏర్పడినది. 2008 పునర్విభజన వరకు అదే పేరు కొనసాగినది. ఈ మధ్యకాలంలో పదకొండు సార్వత్రిక ఎన్నికలు, ఒక ఉప ఎన్నిక జరిగినవి. సార్వత్రిక ఎన్నికలలో కాంగ్రెసు ఆరు పర్యాయాలు, తెలుగుదేశం ఐదు పర్యాయాలు గెలిచినవి.

1967, 1971 ఎన్నికలలో కె. నారాయణరావు గారు, 1977, 1980 ఎన్నికలలో విజయరామ గజపతిరాజు గారు కాంగ్రెసు పక్షాన గెలుపొందినారు. 1977లో ఉత్తర భారతం కాంగ్రెసును తుడిచిపెట్టగా, ఆంధ్రప్రదేశ్ 42 స్థానాలలో 41 స్థానాలను ఆ పార్టీకే ఇచ్చినది. బొబ్బిలి కూడ ఆ దారినే నడచినది. కాని 1978 శాసనసభ ఎన్నికలలో విజయనగరం పట్టణం జనతా పార్టీ అభ్యర్థిని గెలిపించినది. ఆ అభ్యర్థి విజయరామ గజపతిరాజు గారి కుమారులైన అశోక్ గజపతిరాజు గారే. తండ్రి కాంగ్రెసు పార్లమెంటు సభ్యులు, తనయుడు ప్రతిపక్ష శాసనసభ్యులు.

1982 మార్చి 29న నందమూరి తారక రామారావు గారు తెలుగుదేశం పార్టీని స్థాపించినారు. 1984లో ఇందిరాగాంధీ హత్యానంతరం జరిగిన ఎన్నికలలో కాంగ్రెసుకు దేశంలో 400కు పైగా స్థానాలు లభించగా, మన రాష్ట్రం మాత్రం 30 స్థానాలను తెలుగుదేశానికి ఇచ్చినది. వానిలో బొబ్బిలి ఒకటి. ఆనంద గజపతిరాజు గారు ఎన్నికైనారు.

ఎదురీదిన స్థానం

ఇచ్చట నుండి మన నియోజకవర్గపు అసలు విశేషం మొదలగుచున్నది. విద్యార్థులు ఈ క్రింది మూడు సంవత్సరాలను గుర్తుంచుకొనవలెను.

1989లో రాష్ట్రంలో తెలుగుదేశం ఘోరంగా దెబ్బతిన్నది. 42 స్థానాలలో ఆ పార్టీకి దక్కినవి కేవలం రెండు. అందులో ఒకటి బొబ్బిలి. కెంబూరి రామమోహనరావు గారు అచట గెలిచినారు.

1999లో గాలి తిరిగినది. తెలుగుదేశం 29 స్థానాలు గెలువగా, కాంగ్రెసుకు ఐదు స్థానాలు మిగిలినవి. ఆ ఐదింటిలో బొబ్బిలి ఒకటి. ఈసారి గెలిచినవారు కాంగ్రెసు అభ్యర్థి బొత్స సత్యనారాయణ గారు.

2004లో మరల గాలి తిరిగినది. కాంగ్రెసు 29 స్థానాలు గెలిచినది. తెలుగుదేశానికి ఐదే మిగిలినవి. ఆ ఐదింటిలోను బొబ్బిలి ఉన్నది. కొండపల్లి పైడితల్లి నాయుడు గారు గెలుపొందినారు.

అనగా రాష్ట్రమంతయు ఒక దిక్కునకు కొట్టుకొనిపోయిన మూడు సందర్భాలలోను ఈ స్థానం ఏటికి ఎదురీదినది. ఇది ఒక పార్టీపై గల గుడ్డి అభిమానం కాదు. ఒకసారి తెలుగుదేశాన్ని, ఒకసారి కాంగ్రెసును, మరల తెలుగుదేశాన్ని వరించినది. మధ్యలో 1991లో ఆనంద గజపతిరాజు గారు కాంగ్రెసు పక్షాన గెలిచినారు. అప్పుడు ఆయన సోదరులు అశోక్ గజపతిరాజు గారు తెలుగుదేశంలో ఉన్నారు. 1996, 1998 సంవత్సరాలలో పైడితల్లి నాయుడు గారు విజయం సాధించినారు.

దీనికి కారణమేమి? మా ఉద్దేశంలో మూడు కారణాలు చెప్పవచ్చును. మొదటిది, ఇక్కడి ఓటరు పార్టీతో బాటు అభ్యర్థిని కూడ తూచి చూచుట. ఊరి పేరు, ఇంటి పేరు తెలిసిన మనిషికి ఇక్కడ విలువ ఎక్కువ. రెండవది, సామాజిక వర్గాల కూర్పు. ఈ ప్రాంతంలో తూర్పు కాపులు అధిక సంఖ్యాకులు. కొప్పుల వెలమలు, యాదవులు, మత్స్యకారులు, షెడ్యూల్డు కులాలవారు కూడ గణనీయంగా ఉన్నారు. 1996 తరువాత ఇక్కడ గెలిచినవారిలో ఎక్కువమంది తూర్పు కాపు వర్గీయులు. ప్రధాన పార్టీలు రెండూ ఆ వర్గం నుండే అభ్యర్థులను నిలిపినప్పుడు కులమొక్కటే తీర్పును నిర్ణయింపజాలదు. అప్పుడు వ్యక్తి, పని, పలకరింపు ప్రధానమగును. మూడవది, కోటకు గల గౌరవం. కాని గౌరవం వేరు, ఓటు వేరు. 2004లో తెలుగుదేశం బొబ్బిలి లోక్‌సభ స్థానాన్ని నిలుపుకొన్న ఎన్నికలలోనే అశోక్ గజపతిరాజు గారు విజయనగరం శాసనసభ స్థానంలో స్వతంత్ర అభ్యర్థి కోలగట్ల వీరభద్రస్వామి గారి చేతిలో ఓడిపోయినారు.

పైడితల్లి నాయుడు గారి మరణానంతరం 2006లో ఉప ఎన్నిక జరిగినది. కాంగ్రెసు అభ్యర్థిని బొత్స ఝాన్సీలక్ష్మి గారు స్వల్పమైన ఓట్ల తేడాతో గెలిచినారు.

పునర్విభజన - కొత్త పేరు, కొత్త నడక

2008 పునర్విభజనలో బొబ్బిలి లోక్‌సభ స్థానం రద్దై విజయనగరం స్థానం ఏర్పడినది. సతివాడ, భోగాపురం, తెర్లాం వంటి పాత శాసనసభ స్థానాలు కనుమరుగైనవి. నెల్లిమర్ల, రాజాం కొత్తగా వచ్చినవి. ఎచ్చెర్ల, రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి, గజపతినగరం, నెల్లిమర్ల, విజయనగరం అను ఏడు శాసనసభ స్థానాలు ఇందు చేరినవి. రాజాం షెడ్యూల్డు కులాలకు కేటాయించబడినది.

జిల్లా ఎల్లలు, లోక్‌సభ ఎల్లలు ఒకటి కావను సంగతి విద్యార్థులు మరువరాదు. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడినది. కాని 2008 విభజనలో జిల్లాలోని సాలూరు, పార్వతీపురం, కురుపాం అరకు స్థానంలోను, శృంగవరపుకోట విశాఖపట్నం స్థానంలోను చేరినవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి పార్వతీపురం మన్యం జిల్లా వేరైనది. రాజాం విజయనగరం జిల్లాలోనికి వచ్చినది. ఎచ్చెర్ల శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నది.

కొత్త పేరుతో జరిగిన నాలుగు ఎన్నికల ఫలితాలను చూచినట్లయితే ఒక మార్పు స్పష్టంగా తెలియగలదు. 2009లో ఝాన్సీలక్ష్మి గారు కాంగ్రెసు పక్షాన సుమారు 60 వేల ఆధిక్యంతో గెలిచినారు. 2014లో తెలుగుదేశం అభ్యర్థి అశోక్ గజపతిరాజు గారు లక్షకు పైగా ఆధిక్యంతో గెలిచి, 2018 మార్చి వరకు కేంద్రంలో పౌర విమానయాన శాఖ మంత్రిగా పనిచేసినారు. 2019లో వైఎస్సార్ కాంగ్రెసు అభ్యర్థి బెల్లాన చంద్రశేఖర్ గారు ఆయనను సుమారు 48 వేల ఓట్ల తేడాతో ఓడించినారు. 2024లో తెలుగుదేశం అభ్యర్థి కలిశెట్టి అప్పలనాయుడు గారు సుమారు 2 లక్షల 49 వేల ఆధిక్యంతో గెలిచినారు.

ఈ నాలుగు సార్లును మన స్థానం రాష్ట్రపు గాలితోనే పోయినది. 2009లో కాంగ్రెసు 42లో 33, 2014లో తెలుగుదేశం 25లో 15, 2019లో వైఎస్సార్ కాంగ్రెసు 25లో 22, 2024లో తెలుగుదేశం 25లో 16 స్థానాలు పొందినవి. శాసనసభ స్థానాల లెక్క మరింత విశదం. ఏడింటిలో 2009లో కాంగ్రెసుకు ఆరు, తెలుగుదేశానికి ఒకటి. 2014లో తెలుగుదేశానికి ఐదు, వైఎస్సార్ కాంగ్రెసుకు రెండు. 2019లో ఏడుకు ఏడు వైఎస్సార్ కాంగ్రెసుకు. 2024లో ఏడుకు ఏడు తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పార్టీల కూటమికి.

అంకెలు చెప్పని సంగతి

ఎదురీదిన స్థానం ప్రవాహంలో కలిసిపోయినది. నియోజకవర్గపు ఎల్లలు మారుట ఇందుకు ఒక కారణం. దూరదర్శన వార్తలు, చేతి ఫోనులు ప్రతి గ్రామానికి రాష్ట్ర రాజకీయాలను చేరవేయుట మరొకటి. పింఛను, బియ్యం, ఇంటి స్థలం నేరుగా ప్రభుత్వ పథకాలతో ముడిపడుట వలన ఓటరు స్థానిక అభ్యర్థి కంటె రాజధానిలో కూర్చుండబోవు నాయకునే ఎక్కువ చూచుచున్నాడని మేము భావిస్తున్నాము.

ఇందు ఒక చిక్కు కలదు. 2019లో ఈ లోక్‌సభ స్థానంలో ఓడిన అభ్యర్థికి 5 లక్షల 30 వేల ఓట్లు వచ్చినవి. గెలిచినవారికి 5 లక్షల 78 వేలు. తేడా ఇంత కొద్దిదైననూ ఆ పక్షానికి శాసనసభలో ఈ ఏడు స్థానాల నుండి ఒక్క గొంతు కూడ లేకపోయినది. 2024లో ఓడిన అభ్యర్థికి సుమారు 4 లక్షల 94 వేల ఓట్లు వచ్చినవి. ఆ పక్షానికీ అదే గతి. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుపొందు మన పద్ధతిలో ఓడినవారి ఓట్లు లెక్కలోనికి వచ్చును గాని సభలోనికి రావు. గాలి బలంగా వీచు కొలది ఈ అన్యాయం పెరుగును. కావున గెలిచినవారు తమకు ఓటు వేయని వారికి కూడ ప్రతినిధులమని తలచుట ధర్మం. వేయని వారు కూడ తమ సమస్యలను వారి ముందుంచుట హక్కు.

2011 జనగణన ప్రకారం విజయనగరం జిల్లా జనాభా 23,44,474. ప్రతి వెయ్యిమంది పురుషులకు 1019 మంది స్త్రీలు ఉన్నారు. అక్షరాస్యత 58.89 శాతం మాత్రమే. ఇట్టి జిల్లాలో స్త్రీల ఓటు నిర్ణాయకమనుటలో సందేహం లేదు. ఇక వలస సంగతి. విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై నగరాలకు కూలి పనులకై పోయినవారు పోలింగు నాటికి బస్సులెక్కి స్వగ్రామాలకు వచ్చుట ప్రతి ఎన్నికలోను చూచుచున్నదే. రెండు రోజుల కూలి పోగొట్టుకొని ఓటు వేయుచున్న ఆ నిరుపేద ఓటరు ముందు, ఊరిలోనే ఉండి ఇంటిలో కూర్చున్న విద్యావంతుడు తల దించుకొనవలెను.

ఈ జిల్లాలో ముస్లిముల సంఖ్య నూటికి ఒకరి కంటె తక్కువ. ఇంత చిన్న సమాజం ఒక్కటిగా ఓటు వేసిననూ ఫలితం తారుమారు కాదని కొందరు నిరాశపడుట కలదు. ఇది సరియైన ఆలోచన కాదు. చిన్న తేడాతో తేలిన 2006 ఉప ఎన్నికను తలచుకొన్న చాలును. అంతకు మించి, ఓటు సంఖ్యాబలం ప్రదర్శించుటకు మాత్రమే కాదు. చెరువు, పాఠశాల, ఉర్దూ ఉపాధ్యాయుని నియామకం, ఖబరస్తాను ప్రహరీ, వీధి దీపం - వీనిలో కొన్ని ఒక సమాజానివి, తక్కినవి ఊరందరివి. ఊరందరి పనిలో మన పేరు ఉన్నప్పుడే మన పనిలో ఊరందరు తోడుందురు. ఓటును మన పెద్దలు అమానత్ అందురు. అప్పగించిన సొమ్మును అమ్ముకొనుట ఏ ధర్మంలోను లేదు.

ముగింపు

1989లో ఓటు హక్కు వయస్సు ఇరువది ఒకటి నుండి పదునెనిమిదికి తగ్గినది. ఈ పుటలు చదువుచున్న వారిలో అనేకులకు ఆ హక్కు వచ్చియే ఉండును. పార్లమెంటు స్థానాల సంఖ్యను 1971 జనగణనకు కట్టివేసిన నిబంధనను, 2026 తరువాత జరుగు తొలి జనగణన వరకు 84వ రాజ్యాంగ సవరణ పొడిగించినది. మన స్థానపు ఎల్లలు మరల మారు దినం వచ్చును. పేరు కూడ మారవచ్చును. ఎల్లలు గీయువారు లెక్కలు చూచుకొందురు. ఆ గీతల లోపల ఎవరిని నిలుపవలెనో నిర్ణయించువారు ఓటర్లు. కావున విద్యార్థులు ముందుగా ఓటర్ల జాబితాలో తమ పేరు ఉన్నదో లేదో చూచుకొనవలెను. పిమ్మట తమ శాసనసభ స్థానంలో గత నాలుగు ఎన్నికల ఫలితాలను ఒక కాగితంపై వ్రాసుకొని, తమ ఊరి పనులు ఏ కాలంలో జరిగినవో, ఏ కాలంలో ఆగినవో దాని ప్రక్కన వ్రాసుకొనవలెను. ఆ కాగితం చేత పట్టుకొని ఓటు వేయబోవువారిని ఏ గాలియు తేలికగా కదల్పజాలదు.