వాన వస్తే చల్లబడుతుందనుకున్నా!

2023 జులై. ఫీనిక్స్‌లో శనివారం రాత్రి పదకొండు. బయట ఇంకా 38 డిగ్రీలు. మా అపార్ట్‌మెంట్‌లో ఏసీ ఆగిపోయి అప్పటికే ఆరు గంటలు. ఆఫీసుకి ఫోన్ చేస్తే ‘సోమవారం మనిషిని పంపిస్తాం’ అన్నారు. ఫ్యాన్ వేస్తే వేడిగాలే మొహానికి కొడుతోంది. కుళాయి తిప్పితే చల్లనీళ్ల వైపు కూడా వేడినీళ్లే.

అదే టైంకి అమ్మ వీడియో కాల్. “అక్కడా జులై అంటే వానాకాలమే అన్నావుగా నాన్నా? ఒక్క వాన పడితే చల్లబడుతుందిలే” అంది. నేనూ అదే అనుకున్నా. రోహిణి కార్తెలో రోళ్లు పగిలినా, మృగశిర రాగానే చల్లబడుతుందని వింటూ పెరిగినవాళ్లం కదా! ఎడారి వానాకాలం లెక్క వేరని ఆ నెలలోనే తెలిసింది.

ఎడారిలో మాన్సూనా?

ఉద్యోగం వచ్చి అరిజోనా వెళ్తున్నా అంటే ఫ్రెండ్స్ అందరూ ఎండ గురించే చెప్పారు. మాన్సూన్ మాట ఎవరూ ఎత్తలేదు. కానీ అక్కడి వాతావరణ శాఖ క్యాలెండర్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 వరకు మాన్సూన్ సీజనే. మాన్సూన్ అన్న మాట పుట్టింది ‘మౌసిమ్’ అనే అరబ్బీ పదం నుంచి. అర్థం, రుతువు.

మన నైరుతి రుతుపవనాల్లాగే ఇక్కడా గాలి దారి మార్చుకోవడమే అసలు సంగతి. వేసవిలో ఏర్పడే అధిక పీడనం ఉత్తరంగా జరిగి అరిజోనా, న్యూమెక్సికో, ఉటా, కొలరాడో కలిసే మూల దగ్గర కూర్చుంటే, దాని చుట్టూ తిరిగే గాలి దక్షిణం నుంచి తేమ మోసుకొస్తుంది. ఆ తేమ ఇటు కాలిఫోర్నియా సింధుశాఖ నుంచి, అటు గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వస్తుంది. మధ్యాహ్నం ఎండకి కొండల మీద మేఘాలు పుట్టి, అన్నీ కలిసొస్తే సాయంత్రానికి ఉరుములతో ఫీనిక్స్ లోయలోకి దిగుతాయి.

కలిసొస్తేనే! మనకి అల్పపీడనం పడితే రోజుల తరబడి ముసురు. ఇక్కడ ఆ మాటే లేదు. ఒక వీధిలో కుండపోత, రెండు మైళ్ల అవతల చుక్క ఉండదు. ఫీనిక్స్‌లో సీజన్ మొత్తానికి సగటు వాన 62 మిల్లీమీటర్లు. ఏడాది మొత్తం కలిపినా 18 సెంటీమీటర్ల చిల్లర. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఒక్క రోజులోనే దాదాపు 19 సెంటీమీటర్లు పడిందని గుర్తుచేసుకుంటే తేడా అర్థమవుతుంది.

నేల తాకని వాన

మొదటిసారి చూసినప్పుడు ఫొటో తీసి ఇంటికి పంపా. దూరంగా మేఘం కింద బూడిద రంగు తెరలా వాన వేలాడుతోంది, కానీ నేల దాకా రావట్లేదు. కింద గాలి అంత పొడిగా ఉంటుంది, చినుకులు దారిలోనే ఆవిరైపోతాయి. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగేసుకుంటాయి. చల్లబడిన గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందపడి, నేలని గుద్దుకుని, నాలుగు వైపులా పరిగెడుతుంది. ఎడారి దుమ్ముని లేపి గోడలా నిలబెడుతుంది. దాన్నే ‘హబూబ్’ అంటారు. 2011 జులై 5న ఫీనిక్స్‌ని కప్పేసిన హబూబ్ సుమారు మైలు ఎత్తు లేచింది.

కారులో ఉండగా అది ఎదురైతే మన బుర్రకి తోచేది లైట్లు వేసి మెల్లగా పోవడం. అక్కడ నేర్పేది వేరు. రోడ్డు దిగి వీలైనంత పక్కకి ఆపాలి, లైట్లు అన్నీ ఆర్పాలి, బ్రేక్ మీద నుంచి కాలు తీసెయ్యాలి. ఎందుకంటే వెనకాల వచ్చేవాడు మన ఎర్ర లైటు చూసి అదే రోడ్డు అనుకుని నేరుగా మనమీదకే వస్తాడు. ఇంకోటి, ఎండిన వాగుల్లో ఒక్కసారిగా నీళ్లొస్తాయి. అడ్డుకట్టలు పెట్టిన చోట దాటి వెళ్లి ఇరుక్కుంటే, కాపాడిన ఖర్చు డ్రైవర్ దగ్గరే వసూలు చేసేలా చట్టం ఉంది. జనం దానికి పెట్టిన పేరు ‘తెలివితక్కువ డ్రైవర్ చట్టం’!

అసలు విలన్ రాత్రి

2023లో అధిక పీడనం మా నెత్తిమీదే తిష్ట వేసింది. జూన్ 30 నుంచి జులై 30 దాకా వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. నన్ను భయపెట్టింది మాత్రం ఇంకో నంబరు. జులై 19న ఆ రోజు మొత్తంలో అతి తక్కువ ఉష్ణోగ్రతే 36 డిగ్రీలు! పగలంతా తాగిన వేడిని కాంక్రీటు, తారురోడ్లు రాత్రంతా వదులుతూనే ఉంటాయి. ఎడారి పొడిగాలికి రాత్రుళ్లు చల్లబడే గుణం ఉంది. తేమ చేరితే అదీ తగ్గిపోతుంది, ఆకాశానికి పోవాల్సిన వేడిని తేమ పట్టుకుంటుంది. అంటే తేమ వచ్చి వాన రాకపోతే రెండు రకాలుగా నష్టం. చెమట ఆరదు, రాత్రి చల్లబడదు. తడి గడ్డి పెట్టి వాడే మన కూలర్ లాంటివి అక్కడా ఉన్నాయి. పొడిగాలిలో బ్రహ్మాండంగా పనిచేస్తాయి, తేమ పెరిగితే చేతులెత్తేస్తాయి.

ఆ శనివారం మేం ముగ్గురు రూమ్మేట్స్ బ్యాగులు సర్దుకుని చాండ్లర్‌లో ఫ్రెండ్ ఇంటికి బయల్దేరాం. మెట్లు దిగుతుంటే పక్క ఫ్లాట్ పెద్దాయన గుర్తొచ్చారు. ఒంటరిగా ఉంటారు, హాయ్ అంటే హాయ్ అంతే పరిచయం. తలుపు కొట్టాం. ఆయన ఏసీ కూడా పోయింది. తడి టవల్ మెడకి చుట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. “నాకు అలవాటే, ముప్ఫై ఏళ్ల నుంచి ఉంటున్నా” అన్నారు. మాట ముద్దగా వస్తోంది. నిలబడబోయి గోడ పట్టుకున్నారు. ఇంక అడగలేదు. నీళ్లు తాగించి, ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. సెలైన్ ఎక్కించి, తెల్లారాక పంపించారు.

ఆ ఏడాది ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో వేడి వల్ల 645 మంది చనిపోయారని తర్వాత చదివా. వాళ్లలో దాదాపు సగం మంది ఇల్లు లేనివాళ్లు. ఇంట్లోనే పోయినవాళ్లలో ఎక్కువమందికి ఏసీ ఉంది, అది పనిచెయ్యలేదు. ఆ లైను దగ్గర కాసేపు ఆగిపోయా. మాకు ఫోన్ ఉంది, కారు ఉంది, చాండ్లర్‌లో ఫ్రెండ్ ఉన్నాడు. ఆయనకి మా తలుపు తప్ప ఏమీ లేదు.

అద్దెకుండేవాళ్లకి ఒక మాట. ఫీనిక్స్ సిటీ రూల్ ప్రకారం ఇంటివాళ్లిచ్చిన ఏసీ గదిని 82 ఫారెన్‌హీట్‌కి, అంటే దాదాపు 28 డిగ్రీలకి చల్లబరచగలగాలి. ఈ సంగతి నాకు సోమవారం తెలిసింది. శనివారమే తెలిసుంటే ఫోన్‌లో గొంతు పెంచేవాణ్ని.

ఆ వాసన

నెలాఖరులో ఒక సాయంత్రం ఉరిమింది. ముందు దుమ్ము, తర్వాత గాలి, చివర్లో పది నిమిషాలు వాన. దానితోపాటే ఒక వాసన. మన మట్టివాసన కాదు, కాస్త ఘాటుగా, మందులా. క్రియోసోట్ అనే ఎడారి పొద తడిస్తే వచ్చే వాసన అది. పెద్దాయన బాల్కనీలో నిలబడి గట్టిగా పీల్చారు. ఈ ఎడారి అసలు మనుషులైన తోహోనో ఓఒధం తెగవాళ్లకి కొత్త సంవత్సరం మొదలయ్యేది ఈ వానల ముందేనని, సాగువారో కాక్టస్ పండ్లు కోసుకుని వానని పిలుస్తారని ఆయనే చెప్పారు. నేను మన ఏరువాక గురించి చెప్పా.

వాన ఆగిన గంటకే మళ్లీ ఉక్క. ఆ సీజన్ మొత్తానికి ఎయిర్‌పోర్ట్ దగ్గర నమోదైన వాన 4 మిల్లీమీటర్లు కూడా లేదు. ఫీనిక్స్ రికార్డుల్లోనే అతి తక్కువ.

ఇప్పుడు జూన్ రాగానే నా ఫోన్‌లో రెండు రిమైండర్లు మోగుతాయి. ఒకటి ఏసీ సర్వీసింగ్. రెండోది పక్క తలుపు కొట్టడం. మీరు ఫీనిక్స్‌లో ఉన్నా, రామగుండంలో ఉన్నా, రెండోది పెట్టుకోండి. దానికి వాన కోసం ఎదురుచూడక్కర్లేదు.