లెక్చరర్ నుంచి టీవీ కంపెనీ దాకా: ఏఎస్ రావు రూటు మనకి పనికొస్తుందా?

కొత్త ఫోన్ చూడాలంటే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ చుట్టుపక్కల షోరూమ్‌లకి కొదవ లేదు. అదే సిటీకి అటు చివర, ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ దగ్గర, ఏఎస్ రావు నగర్ ఉంది. ఆ కాలనీకి పేరిచ్చిన మనిషి మొదట్లో యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. తర్వాత ఇళ్లలోకి టీవీలు పంపిన కంపెనీని నిలబెట్టారు. ఈసీఈ సబ్జెక్టులు చెబుతూ "గ్యాడ్జెట్ కంపెనీకి మారిపోదామా?" అని ఆలోచిస్తున్నవాళ్లకి ఈ కథ బాగా పనికొస్తుంది.

మధ్యలో ఉన్నది ల్యాబ్

అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. బనారస్ హిందూ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి, అక్కడే కొన్నేళ్లు బోధించారు. 1940ల్లో స్టాన్‌ఫర్డ్ వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. రాగానే ఫ్యాక్టరీ పెట్టేయలేదు. హోమీ భాభా టీమ్‌లో చేరి, అణు పరిశోధనకి కావాల్సిన ఎలక్ట్రానిక్ పరికరాలు ఇక్కడే తయారయ్యేలా చూశారు. ఆ అనుభవంలోంచి 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వచ్చింది. అంటే క్లాస్‌రూమ్‌కీ కంపెనీకీ మధ్య ఏళ్ల తరబడి ల్యాబ్ పని ఉంది.

సాలిడ్ స్టేట్ అంటే?

పాత టీవీ సర్క్యూట్లు వాల్వులతో నడిచేవి. అవి వేడెక్కుతాయి, కరెంటు ఎక్కువ తాగుతాయి, మాడిపోతాయి. వాటి బదులు ట్రాన్సిస్టర్లు వాడితే అదే సాలిడ్ స్టేట్. పిక్చర్ ట్యూబ్ మాత్రం అలాగే ఉంటుంది. దేశంలో మొదటి సాలిడ్ స్టేట్ టీవీ తెచ్చింది ఈసీఐఎల్. మీ ఇంట్లో పెద్దవాళ్లని "ఈసీ టీవీ గుర్తుందా?" అని అడిగి చూడండి.

అసలు టెస్ట్ ఊళ్లో జరిగింది

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా శాటిలైట్ ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకి టీవీ కార్యక్రమాలు పంపారు. అందులో మన రాష్ట్రమూ ఉంది. ఊరంతా కలిసి చూసే ఆ సెట్లని తయారు చేసింది ఈసీఐఎల్. కోళ్ల గూళ్లకి వాడే వైర్ మెష్‌తో చేసిన, పది అడుగుల డిష్ సిగ్నల్ పట్టేది. ఒక వీడియోతో పాటు రెండు ఆడియో ఛానెళ్లు వచ్చేవి. ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ అయిన సినిమాకి ఇవాళ ఓటీటీలో మనం భాష మార్చుకుంటాం కదా, దానికి తాతలాంటి ఐడియా అన్నమాట.

ల్యాబ్‌లో పాడైతే ఇంజనీర్ పక్కనే ఉంటాడు. ఊళ్లో దుమ్ము, ఎండ, ఎగిరిపడే వోల్టేజ్ ఉంటాయి. స్విచ్ వేసేవాళ్లు టీవీని అంతకుముందు చూసి కూడా ఉండరు.

మారాలనుకుంటే

ఇక్కడే టీచర్‌కి ఒక అడ్వాంటేజ్ ఉంది. తెలియనివాడు ఎక్కడ తడబడతాడో రోజూ చూసేది మీరే. యూజర్ మాన్యువల్, టెస్టింగ్, సర్వీస్ ట్రైనింగ్ లాంటి చోట్ల ఆ చూపే కావాలి.

లోటు ఎక్కడంటే చేతిపనిలో. మాడ్యులేషన్ మీద గంట మాట్లాడగలిగినా, ఆసిలోస్కోప్ ముందు కూర్చుని బోర్డులో తప్పు పట్టుకోవడం వేరే విద్య. అందుకే రాజీనామా ఇచ్చేముందు ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ మీరే కట్టండి. దాన్ని టెక్నాలజీ తెలియని ఇంట్లోవాళ్లకి ఇచ్చి, ఏమీ చెప్పకుండా వారం వదిలేయండి.

ఒక్క మాట మరిచిపోవద్దు. ఇవాళ ఏ షోరూమ్‌లోనూ ఈసీ టీవీ దొరకదు. క్లాస్‌లో సిలబస్ కొన్నేళ్లు ఉంటుంది. మార్కెట్‌లో అంత టైమ్ ఇవ్వరు. ఆ స్పీడ్ మీకు ఓకేనా? అప్లై చేసేముందు తేల్చుకోవాల్సింది అదే.