బంగారుపేటలో బండెక్కితే... రవీంద్ర కళాక్షేత్రం!

కోలారు జిల్లా బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం చుట్టుపక్కల పల్లెల్లో పౌరాణిక నాటకం ఇంకా బతికే ఉంది. జాతర వస్తోందంటే హార్మోనియం మాస్టారు ముందే ఊళ్లో దిగుతాడు. పగలంతా పొలంలో ఉన్న మనిషి రాత్రికి కిరీటం పెట్టి గద పట్టుకుంటాడు. పద్యం ఎత్తుకున్నాడంటే తెల్లవారుజామున కూడా జనం కదలరు. తెలుగు పద్యం, కన్నడ మాట ఒకే అరుగు మీద కూర్చునే నేల ఇది. ఇక్కడి నాటక ప్రియులకు రైలు దూరంలో ఉన్న పెద్ద రంగస్థలం బెంగళూరు జె.సి. రోడ్డులోని రవీంద్ర కళాక్షేత్రం.

ఈ భవనం పుట్టడానికి కారణం ఒక శతజయంతి. రవీంద్రనాథ్ ఠాగూర్ పుట్టి 1961 నాటికి నూరేళ్లు నిండాయి. కవి పేరిట రాష్ట్ర రాజధానుల్లో రంగశాలలు కట్టాలని దేశం సంకల్పించింది. హైదరాబాదులో రవీంద్రభారతిని ఆ ఏడే సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. బెంగళూరు కళాక్షేత్రం తలుపులు 1963లో తెరుచుకున్నాయి. కోల్‌కతాలో రవీంద్ర సదన్, చండీగఢ్‌లో ఠాగూర్ థియేటర్, అహ్మదాబాదులో బాలకృష్ణ దోషి రూపకల్పన చేసిన ఠాగూర్ హాలు కూడా ఈ కుటుంబంలోవే. విగ్రహం పెట్టి దండ వేసి ఊరుకోకుండా, నాటకాలు రాసి తానే వేషం కట్టిన కవికి నాటకశాలలు కట్టించిన ఆ తరం పెద్దల ఆలోచనకు చేతులెత్తి మొక్కాలి.

ఠాగూర్ మనకేమంత దూరపు మనిషి కాదు. 1919లో దక్షిణాది పర్యటనలో భాగంగా బెంగళూరు వచ్చారు. ఆ తర్వాత మన పొరుగున, ముళబాగిలు అవతల ఉన్న మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజం వారి కళాశాలలో బస చేశారు. 'జనగణమన'ను ఆయన ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ఆ ప్రతి మీద ఉన్న తేదీ 1919 ఫిబ్రవరి 28. బాణీని స్వరాలుగా రాసి పెట్టడానికి ఆ కళాశాల ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ తోడ్పడ్డారు. కోలారు సీమ నుంచి కళాక్షేత్రానికి వెళ్లేవాళ్లు గోడ మీద ఆ కవి పేరు చూసినప్పుడు మదనపల్లెను కూడా తలుచుకోవాలి.

కళాక్షేత్రం కథలో పెద్ద మలుపు మాత్రం భవనం వెనక జరిగింది. 1972లో దర్శకుడు బి.వి. కారంత్ ఆ ఆరుబయట మూడు నాటకాలు ఆడించారు: 'ఈడిపస్', 'జోకుమారస్వామి', 'సంక్రాంతి'. మొదటిది గ్రీకు విషాదం, రెండోది చంద్రశేఖర కంబారది, మూడోది లంకేశ్‌ది. తెరలూ సీనరీలూ పక్కన పెట్టి, ఆకాశం కింద నటుడి ఒంటినీ గొంతునూ నమ్ముకున్న ఆ ప్రదర్శనలు కన్నడ నాటకం దారినే మార్చేశాయి. పల్లెలో రాత్రంతా ఆడే ఆటకు నగరం చేసిన వందనంగానే నాకు అది కనిపిస్తుంది. నాటకకర్త సంస పేరిట అక్కడ బయలు రంగమందిరం స్థిరపడింది.

ఇక వెళ్లి చూడాలనుకునేవాళ్లకు. బంగారుపేట నుంచి బెంగళూరు రైల్లో సుమారు 70 కిలోమీటర్లు. మారికుప్పం నుంచి వచ్చే బండ్లు మన స్టేషను మీదుగానే పోతాయి. నగరంలో దిగాక కార్పొరేషన్ సర్కిల్ వైపు పోయే సిటీ బస్సు ఎక్కితే చాలు. మెట్రోలో అయితే కృష్ణరాజేంద్ర మార్కెట్ స్టేషనులో దిగి ఆటో పట్టుకోవచ్చు. ప్రాంగణంలో పెద్ద హాలుతో పాటు సంస బయలు రంగం, పక్కనే కన్నడ భవనంలో 'నయన' అనే చిన్న సభామందిరం ఉన్నాయి. ఒక్కోరోజు ఈ మూడింట్లోనూ మూడు వేర్వేరు కార్యక్రమాలు నడుస్తాయి. నిర్వహణ కన్నడ, సంస్కృతి శాఖది. ఆట ఆడాలనుకునే బృందాలు ఆ శాఖకే దరఖాస్తు పెట్టుకోవాలి. చాలా కార్యక్రమాలకు ప్రవేశం ఉచితం, కొన్నింటికి టికెట్టు ఉంటుంది. అలవాటైన ప్రేక్షకులు కాస్త ముందే వస్తారు. బయటి మెట్ల మీద నటులూ రచయితలూ విద్యార్థులూ గుంపులుగా కూర్చుని వాదించుకుంటారు. ఆ మాటలు వినడం కూడా నాటకంలో భాగమేనని నా నమ్మకం.

నగరంలో ఇంకా మంచి శాలలున్నాయి. జె.పి. నగర్‌లో నటి అరుంధతీ నాగ్ పూనుకుని, తన భర్త, నటుడు శంకర్ నాగ్ జ్ఞాపకార్థం 2004లో తెరిచిన రంగశంకర చిన్నదే గానీ క్రమశిక్షణకు పెట్టింది పేరు. ఆట మొదలయ్యాక ఎవరొచ్చినా తలుపు తీయరు. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వారి శ్రీకృష్ణదేవరాయ కళామందిరం మన భాషకు నీడనిస్తోంది. అయినా అన్ని రకాల జనమూ, అన్ని రకాల కళలూ ఒకే గుమ్మంలోంచి నడిచే చోటు ఏదంటే నేను కళాక్షేత్రాన్నే చూపిస్తాను.

మన సంగతేమిటి? కోలారు పట్నంలో రాజ్యాంగ సభ సభ్యుడు టి. చెన్నయ్య పేరిట రంగమందిరం ఉంది. నాటకానికి మన నేల కొత్తదీ కాదు: 1927లో నంది కొండ మీద విశ్రాంతి తీసుకుంటున్న గాంధీజీ, నటుడు బళ్ళారి రాఘవ ఆడిన 'దీనబంధు కబీర్' చూసి మెచ్చుకున్నారు. ఆ కొండ అప్పుడు కోలారు జిల్లాలోదే. కరెంటు కూడా మనకే ముందు: బంగారు గనుల కోసం శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కె.జి.ఎఫ్.కు అది 1902లోనే వచ్చింది, బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో. అంత ముందు వెలుగు చూసిన గని ఊళ్లు 2001లో గనులు మూతపడ్డాక పనికోసం రోజూ బెంగళూరు బండెక్కుతున్నాయి. పొద్దున పోయి రాత్రికి వచ్చే ఆ జనానికి నాటకం చూసే వీలు ఇంటి దగ్గరే దొరకాలి. దీపాల అమరిక, మేకప్ గదులు, మాట వెనక వరుసకూ వినపడే ఏర్పాటు ఉన్న రంగశాల కె.జి.ఎఫ్.కూ బంగారుపేటకూ కావాలని మన ప్రతినిధుల్ని గట్టిగా అడగాలి.

అంతవరకూ మన పల్లె బృందాలు కళాక్షేత్రంలో తేదీ అడగడానికి వెనకాడవద్దు. కోలారు సీమ పద్యనాటకం ఆ వేదిక ఎక్కితే బెంగళూరు తెలుగువాళ్లూ కన్నడిగులూ కలిసి వన్స్‌మోర్ కొడతారు. చూడటానికి వెళ్లేవాళ్లు మాత్రం తిరుగు ప్రయాణానికి ఆఖరి బండి వేళ కనుక్కుని, ఆ తర్వాతే టికెట్టు తీసుకోండి.