వాయిదా వేస్తే మారిపోయే ఆపరేషన్

2020 మార్చి 17న ఇంగ్లండ్‌లోని ప్రభుత్వ ఆస్పత్రులన్నిటికీ అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ నుంచి ఒక ఉత్తరం వెళ్లింది. అత్యవసరం కాని ఆపరేషన్లన్నీ ఏప్రిల్ 15 కల్లా ఆపేయాలి, కనీసం మూడు నెలల పాటు మళ్లీ మొదలుపెట్టకూడదు. పడకలు, వెంటిలేటర్లు, సిబ్బంది అంతా కరోనా రోగులకే. క్యాన్సర్ చికిత్సలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు.

రొమ్ము క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి చిక్కు వచ్చిపడింది. ఒకే మత్తులో, ఒకే బల్ల మీద రెండు పనులు జరగవచ్చు. క్యాన్సర్ ఉన్న రొమ్మును తీసేయడం మొదటిది. ఆ చోట మళ్లీ రొమ్ము ఆకారాన్ని తేవడం, అంటే పునర్నిర్మాణం, రెండోది. మొదటిది క్యాన్సర్ చికిత్స కాబట్టి సాగింది. రెండోది ప్రాణావసరం కాదు కాబట్టి చాలా ఆస్పత్రుల్లో ఆగిపోయింది. తర్వాత చూద్దామని చెప్పి ఛాతీని చదునుగా కుట్టి ఇంటికి పంపారు. ఇలా నిరీక్షణలో పడినవాళ్లు బ్రిటన్‌లో 1,500 మందికి పైగానే ఉంటారని అక్కడి రొమ్ము క్యాన్సర్ సేవాసంస్థ బ్రెస్ట్ క్యాన్సర్ నౌ అంచనా వేసింది.

ఆ నెలల్లో ఆపడం తప్పని నేను అనను. ఎందుకు ఆపాల్సి వచ్చిందో తెలియాలంటే ఆ ఆపరేషన్ ఎంత పెద్దదో చూడాలి.

పునర్నిర్మాణానికి ప్రధానంగా రెండు దారులు. ఒకటి సిలికాన్ ఇంప్లాంట్. దీన్ని నేరుగా అమర్చవచ్చు. లేదంటే ముందు ఎక్స్‌పాండర్ అనే ఖాళీ సంచిని చర్మం కింద పెట్టి, వారం పదిరోజులకోసారి సూదితో సెలైన్ ఎక్కిస్తూ చర్మాన్ని మెల్లగా సాగదీసి, చివరికి దాని స్థానంలో ఇంప్లాంట్ పెడతారు. రెండో దారి సొంత కణజాలంతో కట్టడం. ఇందులో ఇప్పుడు ఎక్కువ మంది మెచ్చేది డీప్ ఫ్లాప్. పొత్తికడుపు దగ్గరి చర్మాన్ని, కొవ్వును వాటికి రక్తం అందించే సన్నని నాళాలతో సహా విడదీసి ఛాతీ మీదికి తెస్తారు. పొట్ట కండరాన్ని మాత్రం అక్కడే వదిలేస్తారు. మొక్కను వేళ్లతో పెకలించి మరో మడిలో నాటడం లాంటిదే ఇది. నాటిన చోట వేరుకు నీరందకపోతే మొక్క బతకదు.

ఆ నీరందించే పని మైక్రోస్కోప్ కింద జరుగుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పుండే ధమనినీ సిరనూ రొమ్ము ఎముక పక్కనున్న నాళాలకు, వెంట్రుక కన్నా సన్నని దారంతో కలిపి కుడతారు. ఒక వైపుకే ఆరు నుంచి ఎనిమిది గంటలు పట్టవచ్చు. కుట్టు పూర్తయ్యాక అసలు కాపలా మొదలవుతుంది. మొదటి రోజంతా నర్సు దాదాపు గంట గంటకూ వచ్చి ఫ్లాప్ రంగు చూస్తుంది, వెచ్చగా ఉందో లేదో ముట్టుకుని చూస్తుంది, వేలితో నొక్కి వదిలి తెల్లబడిన చోటికి ఎంతసేపట్లో రక్తం తిరిగొస్తుందో గమనిస్తుంది. చిన్న డాప్లర్ యంత్రాన్ని ఆనించి లోపలి రక్తప్రవాహపు చప్పుడు వింటుంది. చర్మం నీలం తిరిగితే సిరలో గడ్డ కట్టిందేమోనని అనుమానించాలి. అర్ధరాత్రయినా సరే, కొద్ది గంటల్లో మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి ఆ గడ్డ తీయాలి, లేకపోతే కట్టిందంతా పోతుంది. అనుభవమున్న కేంద్రాల్లో నూటికి తొంభై అయిదుకు పైగా ఫ్లాపులు నిలబడుతున్నాయంటే ఈ కాపలా కూడా ఒక కారణం.

2020 వేసవిలో ఆ నర్సులు ఐసీయూల్లో ఉన్నారు. మత్తు డాక్టర్లు కరోనా రోగులకు గొట్టాలు వేస్తున్నారు. చాలాచోట్ల ఆపరేషన్ థియేటర్లే ఐసీయూలుగా మారాయి. పైగా ఆపరేషన్ చేయించుకునే మనిషికే ముప్పు. 24 దేశాల్లో 1,128 మంది రోగులను పరిశీలించిన కోవిడ్‌సర్జ్ బృందం ఆ మేలో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలు ప్రకటించింది. ఆపరేషన్‌కు కాస్త ముందో తర్వాతో కరోనా సోకినవాళ్లలో 23.8 శాతం మంది నెల రోజుల్లోపు చనిపోయారు. ఆ లెక్క ఎదురుగా ఉండగా ఎనిమిది గంటల పునర్నిర్మాణానికి ఏ సర్జనైనా ఎలా సాహసిస్తాడు?

ఇంతవరకు డాక్టర్లదే న్యాయం. కానీ వాయిదా కేవలం తేదీని మార్చిందనుకోవడం పొరపాటు. రొమ్ము తీసిన రోజే కట్టడానికీ, ఏడాది తర్వాత కట్టడానికీ మధ్య ఆపరేషనే మారిపోతుంది.

అదే రోజు కట్టేటప్పుడు సర్జన్ లోపలి కణజాలాన్ని తీసేసి పై చర్మాన్ని వీలైనంత మిగులుస్తారు. క్యాన్సర్ దూరంగా ఉంటే కొందరికి చనుమొన కూడా దక్కుతుంది. సహజమైన ఆకారం, సహజమైన రంగు ఉన్న చర్మపు తొడుగు ఉంటుంది, దాన్ని లోపలి నుంచి నింపితే చాలు. తర్వాత కడదామనుకుంటే వదులుగా వేలాడకుండా ఆ చర్మాన్ని కూడా కోసేసి చదునుగా కుట్టేస్తారు. నెలలు గడిచేకొద్దీ మచ్చ బిగుస్తుంది. మధ్యలో రేడియేషన్ పడితే మిగిలిన చర్మం గట్టిపడి సాగే గుణం పోగొట్టుకుంటుంది. అప్పుడు ఇంప్లాంట్ సరిపడకపోవచ్చు. పొట్ట మీది నుంచి చర్మం కూడా తెచ్చి అతకాల్సి వస్తుంది. ఒక్క మత్తుతో పోయేది రెండు మూడు సార్లవుతుంది. అందుకే ఆ ఏడాది మహిళలు పోగొట్టుకున్నది కొన్ని నెలల కాలమే కాదు, ఒక్కసారే దొరికే అవకాశం కూడా.

రేడియేషన్ తప్పనిసరి అయిన వాళ్లకు, పొగతాగే వాళ్లకు, షుగర్ అదుపులో లేని వాళ్లకు మామూలు రోజుల్లోనూ ఆగి కట్టడమే మేలని డాక్టర్లు చెప్పవచ్చు. ఆగడం అన్నిసార్లూ నష్టం కాదు. అయితే ఆ నిర్ణయం రోగి ఒంటిని బట్టి జరగాలి. పడకల లెక్కను బట్టి జరగాల్సి రావడమే ఆ ఏటి దౌర్భాగ్యం.

కొందరు సర్జన్లు మధ్యే మార్గం వెతికారు. పెద్ద ఫ్లాప్ ఆపరేషన్ మానేసి రొమ్ము తీసేటప్పుడే ఎక్స్‌పాండర్ పెట్టి చర్మాన్ని కాపాడారు. అమెరికాలో కొన్ని ఆస్పత్రులు ఇలాంటి వాళ్లను అదే రోజు ఇంటికి పంపి ఫోన్లో, వీడియోలో బాగోగులు చూసుకున్నాయి. హార్మోన్‌కు లొంగే రకం క్యాన్సర్ ఉన్నవాళ్లకు ముందు మాత్రలు మొదలుపెట్టి ఆపరేషన్‌నే కొన్ని నెలలు జరిపారు. నాకు ఈ చివరిది చాలా తెలివైన పనిగా కనిపిస్తుంది, ఎందుకంటే క్యాన్సర్‌ను మందు పట్టి ఉంచుతుంది, ఆ తర్వాత రెండు పనులూ ఒకేసారి చేసుకునే వీలు మిగులుతుంది.

చట్టం ఉన్నా సరిపోలేదన్నది కూడా అప్పుడు తేలింది. అమెరికాలో 1998 చట్టం ప్రకారం, రొమ్ము తొలగింపుకు డబ్బిచ్చే ఇన్సూరెన్స్ పునర్నిర్మాణానికీ ఇవ్వాల్సిందే. బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలు రూపొందించే నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం, వెంటనే కట్టడం, ఆగి కట్టడం రెండూ రోగి ముందు పెట్టాలి, అవి ఆ ఊళ్లో దొరికినా దొరకకపోయినా. డబ్బుకు హామీ ఉంది, సమాచారానికి హామీ ఉంది. థియేటర్‌కు మాత్రం లేదు.

మన దేశం సంగతి వేరు. 2020 మార్చి నుంచి మే వరకు దేశంలోని 41 క్యాన్సర్ కేంద్రాల లెక్క తీస్తే, అంతకుముందు ఏడాదితో పోల్చినప్పుడు కొత్త రోగుల నమోదు 54 శాతం, పెద్ద ఆపరేషన్లు 49 శాతం తగ్గాయి. బస్సులు, రైళ్లు ఆగిన రోజులవి. అయినా ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి మార్చి 23 నుంచి ఏప్రిల్ 30 మధ్య 494 పెద్ద క్యాన్సర్ ఆపరేషన్లు చేసింది, ఆపరేషన్ అనంతర మరణం ఒక్కటీ లేదు. జాగ్రత్త పడితే క్యాన్సర్ శస్త్రచికిత్సను ఆపక్కర్లేదని అది చూపించింది.

పునర్నిర్మాణం మాత్రం మహమ్మారి వల్ల ఇక్కడ కొత్తగా ఆగిందని చెప్పలేం. మామూలు రోజుల్లోనే రొమ్ము తీయించుకున్న మన ఆడవాళ్లలో అది అందేది బహు కొద్దిమందికి. మైక్రోస్కోప్ కింద నాళాలు కుట్టగల సర్జన్లు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నారు, ఖర్చు ఎక్కువ, చాలామంది వ్యాధి ముదిరాకే వస్తారు. అన్నిటికన్నా పెద్ద అడ్డు ఇంట్లోనే ఉంది. ప్రాణం దక్కింది చాలదా, ఈ వయసులో ఇంకేం కావాలి అంటారు. ఆ మాటన్నవాళ్లకు ఒక పక్క జారిపోయే బ్లౌజు, పిన్నుతో ఆగని పైట, పెళ్లికి పిలుపొస్తే ఏం సాకు చెప్పాలా అన్న ఆలోచన తెలియవు. కావాలనుకోవడం సోకు కాదు. అక్కర్లేదు, ఇలాగే ఉంటాను అనడం కూడా అంతే గౌరవించదగ్గ నిర్ణయం. ఆపరేషన్ వద్దనుకున్నవాళ్లకు బ్రాలో పెట్టుకునే సిలికాన్ లేదా నూలు రొమ్ములు దొరుకుతాయి, బరువు సరిగ్గా చూసుకుంటే భుజం ఒక పక్కకు వంగదు.

మీకో, మీ ఇంట్లో ఎవరికో రొమ్ము తీయాలని డాక్టరు చెబితే, తేదీ ఖాయం చేసుకోకముందే మూడు ప్రశ్నలు అడగండి: చర్మం మిగల్చడం కుదురుతుందా, నాకు రేడియేషన్ అవసరమయ్యేలా ఉందా, ఆపరేషన్‌కు ముందు ప్లాస్టిక్ సర్జన్‌తో ఒకసారి మాట్లాడించగలరా? చర్మం కోసేశాక మొదటి ప్రశ్న అడిగి లాభం లేదు.