నాటకాల పిల్లవాడు

“ఈ కాలపు పిల్లలకు ఒళ్లు వంగదు” అను మాట ఒంగోలులో ఏ అరుగుమీదనైనను వినవచ్చును. మిరపచేనిలో దిగరు, పొద్దస్తమానము చేతిలోని ఫోనే లోకమని పెద్దల ఫిర్యాదు. అట్లనువారి తండ్రులును తమనాడు ఇదే మాట అనియుందురు. అప్పుడు ఫోనునకు బదులు సినిమాహాలు. అంతకుముందు నాటకము.

ఆ నాటకములనాటి సాక్ష్యమొకటి ఈ ఊరిలోనే కలదు. టంగుటూరి ప్రకాశము 1872లో ఒంగోలు సమీపమున వినోదరాయునిపాలెములో జన్మించెను. చిన్ననాడే తండ్రి గతింపగా తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడిపి పిల్లలను పెంచిరి. తల్లి పొయ్యి పొగలో మ్రగ్గుచుండగా కొడుకు ఆకతాయిలతో తిరిగెను. ముఖమునకు రంగు పూసికొని ఆడువేషములు కట్టెను. మిడిల్ స్కూలు పరీక్షకు మూడు రూపాయల రుసుము పుట్టనప్పుడు ఆమె తన పట్టుచీర తాకట్టు పెట్టిరి. ఇరుగుపొరుగువారు ఆ పిల్లవానిని గూర్చి ఏమనుకొనియుందురో ఊహించుట కష్టము కాదు. వారి మాటలో న్యాయము లేకపోలేదు కూడ: మూడు రూపాయలకు ఎన్ని విస్తళ్లు వడ్డింపవలెనో వారెరుగుదురు.

అయితే ఆతనిని నాటకములలోనికి చేరదీసినవాడు పోకిరి కాడు, బడిపంతులు. ఆయన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు. వేషము కట్టించిన చేతితోనే చదువును చెప్పించిరి. తాము రాజమహేంద్రవరము పోవునప్పుడు శిష్యుని వెంటబెట్టుకొని పోయిరి. పొడుగు సంభాషణలు కంఠస్థము చేసి, రాత్రులు మేలుకొని, నలుగురియెదుట తడబడక పలుకుట శ్రమ కాదా? శ్రమ కలదు, పెద్దలు వెదకుచోట లేదు. నాయుడుగారు ఉన్నచోటనే దానిని చూచిరి.

ఆ పిల్లవాడు వకీలై, ఇంగ్లండు వెళ్లి బారిస్టరై, మద్రాసులో నిండుగా సాగుచున్న వృత్తిని జాతీయోద్యమము కొఱకు వదలుకొనెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి యగునాటికి వయస్సు 81. అట్లని రంగు పూసికొన్న ప్రతివాడును ప్రకాశము కాడు. ఆ పేరు చెప్పి పిల్లలందరిని వెనకేసుకొనివచ్చుటయు తొందరపాటే.

నేటి అరుగుమీది తండ్రి సంగతి మఱియొకటి కలదు. పత్తికిని మిరపకును చేసిన అప్పులు తీరక, “ఈ నల్లరేగడి నా తోనే పోవలెరా” అని కొడుకును కాలేజీకి పంపినవాడాయనయే. కొడుకు మేడగదిలో పోటీపరీక్షకు చదువుచు రాత్రి రెండుగంటలకు దీపమార్పును. తెల్లవారి ఏడైనను లేవలేదని అరుగుమీద చెప్పుకొనునది వానిని గూర్చియే.