రక్తకణాల లెక్కింపు - యంత్రం, మానవ నేత్రం

గౌతమి, వసిష్ఠ అనే గోదావరి పాయల నడుమ నెలకొన్న పచ్చని సీమ కోనసీమ. వానాకాలంలో తోటలలో పడివున్న కొబ్బరి చిప్పలలో నిలిచే నీరు డెంగ్యూ దోమకు పుట్టినిల్లు. జ్వరపీడితుని అమలాపురంలో గాని, రాజోలులో గాని, కొత్తపేటలో గాని ఆసుపత్రిలో చేర్చగానే బంధువులు ఆత్రంగా అడిగే ప్రశ్న ఒక్కటే: “ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి?” ఆ సంఖ్యను చెప్పేది సాధారణంగా యంత్రమే. దానిని ఎంతవరకు విశ్వసించవచ్చు?

అమెరికాకు చెందిన వాలెస్ కౌల్టర్ 1953లో ఈ లెక్కింపు పద్ధతికి పేటెంటు పొందాడు. రక్తకణాలు విద్యుత్తును సులభంగా ప్రసరింపనీయవు. పలుచన చేసిన రక్తం సన్నని రంధ్రం గుండా సాగేటప్పుడు ప్రతి కణమూ విద్యుత్ప్రవాహాన్ని క్షణకాలం అడ్డగిస్తుంది. ఎన్ని అడ్డంకులో అన్ని కణాలు. అడ్డంకి ఎంత పెద్దదో కణం అంత పెద్దది. ఆరోగ్యవంతుల రక్తం విషయంలో ఈ లెక్క మిక్కిలి నమ్మదగినది.

తీవ్ర వ్యాధిగ్రస్తుల రక్తంలో మాత్రం కణాల రూపురేఖలు మారిపోవచ్చు. పరిమాణమే ఆనవాలుగా గల యంత్రం అక్కడ పొరపడుతుంది. తీవ్రమైన కాలిన గాయాలలో చిట్లిన ఎర్రకణాల ముక్కలను, లుకేమియాలో తెల్లకణాల ముక్కలను ప్లేట్‌లెట్లుగా లెక్కించవచ్చు. అప్పుడు ప్రమాదం మరుగున పడుతుంది. ఇందుకు విరుద్ధమైన పొరపాటూ ఉన్నది. రక్తం గడ్డకట్టకుండా నాళికలో కలిపే ఇ.డి.టి.ఎ. వలన కొందరి ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటాయి. గెలను చూసి అందులోని కాయలను లెక్కింపని వానివలె యంత్రం వాటిని వదలివేస్తుంది. లేని కొరత ఉన్నట్లు కనబడుతుంది.

ఆరోగ్యవంతునిలో మైక్రోలీటరు రక్తానికి సుమారు 1.5 నుండి 4.5 లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి. అక్కడ నాలుగైదు వేల తేడా లెక్కలోనిది కాదు. కాని కాన్సరు చికిత్సలో ఉండి, రక్తస్రావం లేని రోగికి ఆ సంఖ్య 10,000 కంటె తగ్గితే ప్లేట్‌లెట్లు ఎక్కించడం సాధారణ నియమం. ఆ అంచున అదే తేడా చికిత్సనే మార్చివేస్తుంది.

అందుచేత అనుమానం కలిగినప్పుడు గాజుపలకపై రక్తపు పూత తీసి, లీష్మన్ రంజకం వేసి, సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తారు. గుంపులు కనబడితే సిట్రేటు కలిపిన నాళికలో మరల రక్తం సేకరించి లెక్కిస్తారు. లేజరు కాంతిని, ప్రత్యేక రంజకాలను ఉపయోగించే నవీన యంత్రాలలో పొరపాట్లు తగ్గాయి. సందేహాస్పదమైన ఫలితాన్ని అవి హెచ్చరికతో సూచిస్తాయి. ఆ హెచ్చరికను గమనించవలసినది మాత్రం మనిషే.

డెంగ్యూలో ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే రోగి స్థితిని తెలుపదు. రక్తపుపోటును, రక్తపు చిక్కదనాన్ని, రక్తస్రావ లక్షణాలను కలిపి చూచిన పిమ్మటనే వైద్యుడు చికిత్సను నిర్ణయిస్తాడు.