కారు ఎందుకు ఉడుకెక్కింది?

దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు. దారంతా నల్లమల అడవి. ఎక్కుడు, మలుపు. మళ్లీ ఎక్కుడు, మళ్లీ మలుపు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఘాటు రోడ్డు మీద ఒక తెల్ల కారు ఎక్కుతోంది. ముందు సీట్లో ఒక ముసలమ్మ కూర్చుంది. వెనక ఆమె కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. మల్లన్న దర్శనానికి పోతున్నారు. ఏసీ గట్టిగా తిరుగుతోంది. పిల్లలు కోతుల్ని లెక్కపెడుతున్నారు.

కారు నడిపేవాడిదే ఆ కారు. పాత కారు. ఫైనాన్సులో కొన్నాడు. నెలనెలా కిస్తీ కట్టాలి. అతని భార్య గొలుసు కూడా బ్యాంకులో తాకట్టు ఉంది. ఆ గొలుసు విడిపించాలంటే కారు రోజూ రోడ్డు మీద ఉండాలి.

స్టీరింగు వెనక గడియారాల్లాంటివి ఉంటాయి గదా. అందులో ఒక చిన్న ముల్లు ఇంజను వేడిని చూపిస్తుంది. మామూలుగా అది మధ్యలో ఉంటుంది. ఆ రోజు మధ్య దాటింది. డ్రైవరు చూశాడు. "ఎక్కుడు కదా, వేడెక్కుతుందిలే" అనుకున్నాడు. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి ముల్లు ఎర్రగీతను తాకింది. బానెట్టు సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది. తియ్యటి వాసన లాంటిది వచ్చింది.

కారు పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆపేశాడు. అంతవరకు మంచి పనే చేశాడు. తరువాత చేయబోయింది మాత్రం మంచిది కాదు. బానెట్టు ఎత్తి, భుజం మీది తువాలు తీసి, రేడియేటరు మూత మీద చెయ్యి వేశాడు.

"తియ్యబాక నాయనా!" అని అరిచింది ముసలమ్మ. "కుక్కరు మూత తీసి కాల్చుకున్నదాన్ని నేను. ఇదీ అట్లాగే బుసకొడతా ఉంది."

ఆమె చేతి మీద మచ్చ ఉంది. డ్రైవరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమెకు కారు సంగతి ఏమీ తెలీదు. కానీ సరిగ్గా చెప్పింది.

కారుకూ కుక్కరుకూ ఉన్న చుట్టరికం

ఇంజను లోపల పెట్రోలో డీజిలో మండుతుంది. మంట పుట్టిన చోట వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. ఆ మంటలో సుమారు మూడో వంతే బండిని నడపడానికి పనికొస్తుంది. మిగిలింది వేడే. కొంత పొగగొట్టంలోంచి పోతుంది. కొంత ఇంజను ఇనుములోనే ఉండిపోతుంది. దాన్ని ఎవరో ఒకరు బయటికి మోసుకుపోవాలి. లేకపోతే లోపలి లోహం వంగిపోతుంది.

ఆ మోసే పని నీళ్లది. ఇంజను గోడల్లో సన్నని కాలువలు ఉంటాయి. వాటిలో నీళ్లు తిరుగుతాయి. ఇంజనులో వేడిని పట్టుకుని, రబ్బరు గొట్టం గుండా రేడియేటరులోకి వస్తాయి. రేడియేటరు అంటే కారు ముందు భాగంలో నిలబెట్టిన జల్లెడ లాంటిది. సన్నసన్నని గొట్టాలు, వాటి మధ్య రేకులు. ఎదురుగాలి ఆ రేకుల సందుల్లోంచి పోతూ నీళ్లను చల్లబరుస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఎదురుగాలి ఉండదు కాబట్టి, వెనక ఒక ఫ్యాను తిరిగి గాలిని లాగుతుంది. చల్లబడ్డ నీళ్లను ఒక చిన్న పంపు మళ్లీ ఇంజనులోకి తోస్తుంది. బండి నడిచినంతసేపూ ఇదే తిరుగుడు.

దారిలో ఒక కాపలాదారు కూడా ఉన్నాడు. పేరు థర్మోస్టాట్. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఇది తలుపు మూసి ఉంచుతుంది. నీళ్లు 80, 90 డిగ్రీల దాకా వేడెక్కాక తలుపు తెరిచి రేడియేటరులోకి వదులుతుంది. "మన ఎండలకు ఇదెందుకు" అని కొందరు దాన్ని పీకి పారేస్తారు. అది తప్పు. మరీ చల్లగా నడిచినా ఇంజను ఎక్కువ నూనె తాగుతుంది, త్వరగా అరుగుతుంది.

ఇక మూత సంగతి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని అందరికీ తెలుసు. అన్నం గిన్నెలో అట్లాగే మరుగుతాయి. కుక్కరులో మాత్రం మరగవు. మూత బిగించి, పైన వెయిట్ పెట్టి ఒత్తిడి పెంచుతాం కాబట్టి, అందులో నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. అందుకే పప్పు తొందరగా ఉడుకుతుంది. రేడియేటరు మూత కూడా కుక్కరు వెయిట్ లాంటిదే. అందులో ఒక స్ప్రింగు, ఒక రబ్బరు వాషరు ఉంటాయి. అది ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. నీళ్లు 100 దాటినా మరగకుండా తిరుగుతూ ఉంటాయి.

అట్లాంటి మూతను వేడి మీద తీస్తే ఏమవుతుంది? ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. 100 దాటిన నీళ్లు ఆ క్షణంలోనే ఆవిరై మనిషి మొహం మీదికి చిమ్ముతాయి. అట్లా మొహం, చేతులు కాల్చుకున్న డ్రైవర్లు చాలామంది ఉన్నారు. తువాలు అడ్డం పెట్టినా ఆగదు.

అందుకని ఆగాలి. అరగంట, అవసరమైతే గంట. పై గొట్టాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలకూడదు. అప్పుడు మందపాటి గుడ్డ వేసి, మూతను కొంచెమే తిప్పి, బుసబుస ఆగాక పూర్తిగా తీయాలి. కాలుతున్న ఇంజనులో చన్నీళ్లు కూడా పోయరాదు. ఎర్రగా కాలిన పెనం మీద చన్నీళ్లు పోస్తే చూశారు గదా, ఇంజను లోహం కూడా అట్లాగే పగలవచ్చు.

ముసలమ్మ వాళ్లు వెనక వచ్చిన ఆర్టీసీ బస్సెక్కి వెళ్లిపోయారు. బాడుగ పోయింది. గంట తరువాత డ్రైవరు మూత తీసి చూస్తే రేడియేటరులో నీళ్లు కనపడలేదు. దగ్గరున్న సీసాల నీళ్లు పోసి, కారు వెనక్కి తిప్పి, ముల్లు మీదే కన్నుపెట్టి, నెమ్మదిగా దోర్నాలకు దిగాడు. దిగేటప్పుడు ఇంజనుకు పెద్ద పని ఉండదు కాబట్టి దిగగలిగాడు.

మేస్త్రీ అడిగిన ప్రశ్న

షెడ్డులో మేస్త్రీ పెద్దాయన. కారును వెంటనే విప్పలేదు. ముందు మాటలతో మొదలుపెట్టాడు.

"నీళ్లు ఎప్పుడు పోశావు అబ్బాయా?"

"రోజూ పోస్తూనే ఉన్నాను మేస్త్రీ. పొద్దున్నే ఒక చెంబు పోసి తీస్తా. మూడు నెలల నుంచి అంతే."

"మరి ఆ నీళ్లు యాడికి పోతున్నాయో చూశావా?"

డ్రైవరు తెల్లబోయాడు. "బండి తాగుతుందనుకున్నా" అన్నాడు.

బండి నీళ్లు తాగదు. ఇది బాగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి. డీజిలు ఖర్చవుతుంది. రేడియేటరు నీళ్లు ఖర్చు కావు. మూసిన దారిలో అవే నీళ్లు తిరుగుతుంటాయి. రోజూ తగ్గుతున్నాయంటే ఎక్కడో కారుతున్నట్టే. పైనుంచి పోస్తూ పోతే ఓటికుండలో పోసినట్టే.

"కారు కింద తడి కనపళ్లేదా?" అని మేస్త్రీ అడిగాడు. కనపడింది. కాని అది ఏసీ నీళ్లు అని డ్రైవరు అనుకున్నాడు. ఇక్కడ చాలామంది పొరపడతారు. ఏసీ వేస్తే కారు కింద నీటి చుక్కలు పడడం నిజమే. అవి మంచి నీళ్లలా ఉంటాయి. రంగు ఉండదు, వాసన ఉండదు, జిగట ఉండదు. ఏసీ ఆపిన కాసేపటికి అవీ ఆగిపోతాయి. ఇతని కారు కింద తడి పొద్దున్నే కనపడేది. రాత్రంతా నిలబడిన కారుకు ఏసీ నీళ్లు ఎక్కడివి? పైగా మొదట్లో ఆ తడి లేత పచ్చగా ఉండేదని అతనే చెప్పాడు. అది కూలెంటు రంగు. తరువాత రోజూ బోరు నీళ్లు పోసీ పోసీ రంగు పలచబడిపోయింది. అనుమానం కూడా దాంతోపాటే పోయింది.

మేస్త్రీ ముందుగా చేసింది, ఇంజను ఆయిలు పుల్ల తీసి చూడడం. డ్రైవరు ఊపిరి బిగబట్టాడు. ఎందుకంటే అదే షెడ్డులో పక్కన ఇంకో కారు ఉంది. దాని ఇంజను హెడ్డు విప్పి బల్ల మీద పెట్టి ఉంది. ఆ కారు ఆసామి ముల్లు ఎర్రగీత మీద ఉండగానే "ఊరు దగ్గరే గదా" అని నడిపాడట. అల్యూమినియం హెడ్డు వేడికి వంగింది. హెడ్డుకూ ఇంజనుకూ మధ్య ఉండే గ్యాస్కెట్టు పోయింది. నీళ్లు ఆయిల్లో కలిశాయి. దాని ఆయిలు పాలు పోసిన టీలా ఉంది. అట్లాంటి బండి పొగగొట్టంలోంచి, ఇంజను బాగా వేడెక్కాక కూడా, తెల్లని పొగ ఆగకుండా వస్తుంది. రేడియేటరులో బుడగలు లేస్తాయి. రబ్బరు గొట్టం మార్చితే కొన్ని వందలతో పోతుంది. హెడ్డు విప్పి, లేతు షాపులో చదును చేయించి, మళ్లీ బిగిస్తే వేలకు వేలు.

ఇతని ఆయిలు పుల్ల మామూలుగానే ఉంది. వేళకు ఆపాడు కాబట్టి బతికాడు.

తరువాత మేస్త్రీ ఒక చేతిపంపు తెచ్చాడు. రేడియేటరులో నీళ్లు నింపి, మూత ఉండే చోట దాన్ని బిగించి, గాలి కొట్టాడు. ఇంజను చల్లగానే ఉంది. ఒత్తిడి మాత్రం వేడెక్కినప్పుడు ఉన్నంత ఉంది. కాలకుండానే కారుడు బయటపడుతుందన్నమాట. పంపు మీది ముల్లు నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. ఇద్దరూ టార్చి వేసుకుని వెతికారు. కింది గొట్టం క్లిప్పు దగ్గర తడి. నీటిపంపు కింద ఒక చిన్న చిల్లి ఉంటుంది. అక్కడ కూడా చుక్క. ఆ చిల్లి కావాలనే పెట్టింది. పంపు లోపలి సీలు అరిగితే నీళ్లు అక్కడినుంచి కారి సంగతి చెబుతాయి. దాని కింద తెల్లని చార కట్టి ఉంది. అంటే నిన్నటిది కాదు, నెలల నాటిది.

మూత తీసి చూస్తే అందులో రబ్బరు వాషరు ఎండి పగిలింది. ఒత్తిడి నిలవడం లేదు. ఇక నీళ్లు 100 దగ్గరే మరిగిపోతాయి.

నీళ్లు దించితే ఎర్రమట్టి నీళ్లలా వచ్చాయి. బోరు నీళ్లలో ఉప్పులు ఉంటాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పొర కట్టేది అవే. ఇంజను కాలువల్లో, రేడియేటరు సన్న గొట్టాల్లో కూడా అట్లాగే కడతాయి. పైగా ఉత్త నీళ్లకు ఇనుము తుప్పు పడుతుంది. ఇంతకుముందు ఎవరో రేడియేటరులో పసుపు కూడా వేసినట్టుంది. గొట్టాల మూతుల్లో ముద్ద కనపడింది. చిన్న చిల్లి పడితే పసుపు వేయడం డ్రైవర్ల పాత చిట్కా. అడవిలో ఇరుక్కున్నప్పుడు ఊరు చేరడానికి పనికొస్తే రావచ్చు. కాని చిల్లిని మూసే పసుపు మంచి గొట్టాల్నీ మూస్తుంది. ఊరు చేరగానే కడిగించాలి. ఎవరూ కడిగించరు.

థర్మోస్టాట్‌ను మేస్త్రీ గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టి పరీక్షించాడు. నీళ్లు కాగుతుంటే తలుపు తెరుచుకోవాలి. ఇది సగమే తెరుచుకుంది. పొర పట్టింది. ఫ్యాను మాత్రం బాగానే తిరుగుతోంది.

ఇన్ని ఉన్నా ఊళ్లో తిరిగినప్పుడు కారు ఎందుకు ఉడకలేదు? చదును రోడ్డు మీద ఇంజనుకు వేడి తక్కువ. సగం నీళ్లు, సగం మూసుకుపోయిన రేడియేటరు దానికి సరిపోయాయి. ఘాటు ఎక్కాలంటే ఇంజను గట్టిగా పనిచేయాలి. బండి వేగం తక్కువ కాబట్టి ఎదురుగాలీ తక్కువ. ఏసీ వేడి కూడా రేడియేటరు ముందే వదులుతుంది. అన్నీ ఒక్కసారే మీదపడ్డాయి. ముల్లు మధ్య దాటినప్పుడే ఏసీ ఆపి ఉంటే కొంత ఊపిరి దొరికేది. హీటరు వేసినా ఇంజను వేడి కొంత కారులోకి వస్తుంది. మనుషులకు చెమటలు పడతాయి, బండికి మేలు. అదీ లోపల నీళ్లు ఉన్నంతవరకే. నీళ్లు పూర్తిగా పోతే ముల్లు ఒక్కోసారి కిందికి పడిపోతుంది. వేడి తగ్గిందని మురిసిపోకూడదు. వేడి చూసే బుడిపె నీళ్లలో లేదని అర్థం.

బాగుచేయడం

పంపు, కింది గొట్టం, క్లిప్పులు, మూత, థర్మోస్టాట్ కొత్తవి వేశారు. రేడియేటరు విప్పి కడిగారు. రేకుల సందుల్లో ఇరుక్కున్న మట్టి, పురుగులు నీళ్లతో వదిలించారు. రేకులు వంగకుండా నెమ్మదిగా కొట్టాలి.

ఈసారి బోరు నీళ్లు పోయలేదు. కూలెంటు పోశారు. కూలెంటు అంటే గ్లైకాల్ అనే ద్రవం, తుప్పు పట్టకుండా ఆపే మందులు. ఇది ఉత్త నీళ్లకన్నా ఆలస్యంగా మరుగుతుంది. కొన్ని డబ్బాలు కలిపినవే వస్తాయి, అట్లాగే పోయాలి. చిక్కటిది కొంటే డబ్బా మీద రాసినట్టు కలపాలి. సగానికి సగం కలపడం మామూలు. కలిపేది బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు. పచ్చది ఉంటే పచ్చది, ఎర్రది ఉంటే ఎర్రది అని రంగు చూసి కొంటారు. రంగు కంపెనీ వాళ్లు కలిపేదే. కారు పుస్తకంలో ఏ రకం అని రాశారో అది చూడాలి.

కూలెంటు విషం. రుచి తియ్యగా ఉంటుంది. కుక్కలు నాకుతాయి, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. అందుకే మేస్త్రీ పాత నీళ్లను తొట్టిలో పట్టాడు, కాలవలో వదలలేదు. ఖాళీ శీతల పానీయం సీసాలో పోసి ఇంట్లో దాచడం మరీ ప్రమాదం.

నింపాక మూత వేయకుండా ఇంజను నడిపారు. లోపల చిక్కిన గాలి బుడగలుగా వచ్చేసింది. మట్టం తగ్గినకొద్దీ పోశారు. తరువాత మూత బిగించి, ఊరి చుట్టూ తిప్పి తెచ్చి, చల్లారాక మళ్లీ చూశారు. తగ్గలేదు.

డబ్బు లెక్క కట్టేటప్పుడు డ్రైవరు మొహం చిన్నబోయింది. ఆ నెల కిస్తీ ఆలస్యమైంది. గొలుసు ఇంకో నాలుగు నెలలు బ్యాంకులోనే ఉంది. అయితే పక్క బల్ల మీది హెడ్డును ఒకసారి చూసి, ఇంకేమీ మాట్లాడకుండా కట్టాడు.

మేస్త్రీ సుద్దముక్కతో రిజర్వు డబ్బా మీద ఒక గీత గీశాడు. తరువాత సుద్ద చెరిగిపోతుందని పెయింటుతో గీశాడు. "పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడు. గీత దగ్గర ఉంటే బండి తియ్యి. దిగితే, పోసి ఊరుకోబాక. నా దగ్గరికి రా" అన్నాడు. కూలెంటు మార్చిన తేదీ, అప్పటికి తిరిగిన కిలోమీటర్లు ఒక చీటీ మీద రాసి బానెట్టు లోపల అంటించాడు. మళ్లీ ఎప్పుడు మార్చాలో కారు పుస్తకం చూసి దాని కిందే రాశాడు.

మరుసటి వారం అదే ముసలమ్మ ఇంటినుంచి ఫోను వచ్చింది. శ్రీశైలం బాడుగే. ఈసారి ఆమె చెల్లెలు కూడా వస్తుందట. డ్రైవరు పొద్దున్నే లేచి బానెట్టు ఎత్తాడు. ద్రవం పెయింటు గీత దగ్గరే ఉంది.